చత్వారం వచ్చిన కంటికి రెండు చూపుల లెన్స్

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో మగ్గం వర్క్ చేసే నలభై ఎనిమిదేళ్ల మహిళను ఊహించుకోండి. చెక్క ఫ్రేముకు బిగించిన బ్లౌజు గుడ్డ మీదకు వంగి, పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి పూసలు, జర్దోసీ కుట్టాలి. తలెత్తితే గుమ్మంలో నిలబడినదెవరో పోల్చుకోవాలి. వంగినప్పుడల్లా కళ్లజోడు చెమటకు జారుతుంది. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటానని ఆమె అడిగితే ఏది ఇవ్వాలి? ఈ ప్రశ్నకు జవాబుగా బైఫోకల్ కాంటాక్ట్ లెన్స్ ఎనభై ఏళ్లకు పైగా రూపం మార్చుకుంటూ వస్తోంది.

నలభై దాటాక కంటిలోని సహజమైన కటకం బిగుసుకుపోయి, దగ్గరి వస్తువుల కోసం ఉబ్బే గుణం కోల్పోతుంది. అదే చత్వారం. ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో జరిపిన కంటి జబ్బుల సర్వే ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ముప్ఫై ఏళ్లు, ఆపైబడినవారిలో సగానికి పైగా మందికి చత్వారం ఉందని తేలింది. అంత మందికి వచ్చేది కాబట్టే దీన్ని తేలిగ్గా తీసుకుంటాం. కానీ చేతిపని మీద బతికేవారికి ఇది కూలి తగ్గించే సమస్య.

దూరానికీ దగ్గరికీ ఒకే జోడు వాడే ఉపాయాన్ని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1785లో ఓ ఉత్తరంలో వివరించాడు. పై సగం దూరానికి, కింది సగం చదువుకు. జోడు కదలదు, దాని వెనక కన్ను కిందికీ పైకీ తిరుగుతుంది కాబట్టి ఆ ఉపాయం పనిచేసింది. కాంటాక్ట్ లెన్స్ అలా కాదు. కన్ను ఎటు తిరిగితే అటే వెళుతుంది. అసలు చిక్కంతా ఇక్కడే.

1888లో అడాల్ఫ్ ఫిక్ తయారుచేసిన మొదటి లెన్సులు తెల్లగుడ్డును కూడా కప్పేసే గాజు చిప్పలు. ముందు కుందేళ్ల మీద, తర్వాత తన కళ్ల మీద పరీక్షించుకున్నాడు. అమెరికాలో విలియం ఫెయిన్‌బ్లూమ్ 1936లో గాజుకు ప్లాస్టిక్ జోడించాడు, 1938లో బైఫోకల్ కాంటాక్ట్ లెన్స్‌కు పేటెంట్ పొందాడు. 1948లో కెవిన్ టుయోహీ నల్లగుడ్డు వరకే కూర్చునే చిన్న ప్లాస్టిక్ లెన్స్ తెచ్చాక రెండు దారులు తెరుచుకున్నాయి.

మొదటిది ఫ్రాంక్లిన్ దారే. పైన దూరపు పవర్, కింద దగ్గరి పవర్. లెన్స్ గిరగిర తిరగకుండా అడుగున బరువు ఉంచుతారు. చూపు కిందికి దించినప్పుడు కింది రెప్ప లెన్స్ అంచును ఆపుతుంది. కన్ను దిగుతుంది, లెన్స్ ఉన్నచోటే నిలుస్తుంది, కనుపాప ఎదుటికి దగ్గరి భాగం వస్తుంది. రెండోది ఇంగ్లాండుకు చెందిన జాన్ డి కార్ల్ 1950లలో చూపిన దారి. లెన్స్‌లో వలయాలుగా రెండు పవర్లు, రెండు బింబాలూ ఒకేసారి రెటీనా మీద పడతాయి. కావలసినదాన్ని మెదడు ఏరుకుంటుంది. అయితే ఆ ఏరివేతకు వెల ఉంది: అక్షరాల నలుపు కాస్త పలచబడుతుంది, రాత్రి దీపాల చుట్టూ వెలుగు చెదురుతుంది.

గట్టి లెన్సులు అందరికీ సరిపడలేదు. 1961 క్రిస్మస్ రోజుల్లో ఓటో విక్టర్లే ప్రాగ్‌లోని తన ఇంట్లో పిల్లల బొమ్మల సెట్టు, సైకిల్ డైనమోతో యంత్రం కట్టి మెత్తటి లెన్సులు తీశాడు. రాచెస్టర్ నగరపు బాష్ అండ్ లాంబ్ కంపెనీ మెత్తటి లెన్స్‌కు 1971లో అమెరికా అనుమతి దొరికింది. అదే నగరంలోని విశ్వవిద్యాలయంలో కార్నియా వైద్యుడిగా పనిచేసిన గుళ్లపల్లి నాగేశ్వరరావు స్వదేశానికి తిరిగొచ్చి, 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర సంస్థను నిలబెట్టారు. మన దగ్గర కంటి పరీక్షను ఒక పూర్తి చదువుగా నేర్పడంలో ఆ సంస్థ పాత్ర పెద్దది. నేడు అక్కడి ఆప్టోమెట్రీ సంస్థ పేరులో ఉన్న ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రయన్ హోల్డెన్, 1999లో మార్కెట్లోకొచ్చిన సిలికాన్ హైడ్రోజెల్ లెన్సుల వెనక నిలిచినవారిలో ప్రముఖుడు. కార్నియాలో రక్తనాళాలుండవు. దానికి ప్రాణవాయువు ఎక్కువగా గాలి నుంచే అందాలి, ఈ పదార్థం దాన్ని ధారాళంగా పోనిస్తుంది.

ఇప్పుడు మన మగ్గం పనికి వద్దాం. 40 సెంటీమీటర్ల దూరంలో పేపరు చదవడానికి కంటికి 2.5 డయాప్టర్ల (లెన్స్ పవర్‌ను కొలిచే ప్రమాణం) శక్తి కావాలి. 25 సెంటీమీటర్లలో పూసకు 4 కావాలి. ఆమె కంటిలో ఇంకా 3 డయాప్టర్లు మిగిలాయనుకుందాం. అలసట రాకుండా అందులో సగమే వాడుకోవాలి, అంటే 1.5. పేపరుకైతే లెన్స్ నుంచి 1 డయాప్టర్ చాలు, పూసకు 2.5 కావాలి. వయసు ఒకటే, కన్ను ఒకటే, పని మారితే నంబరు రెండున్నర రెట్లయింది. వయసు అడిగి నంబరు రాసిచ్చే అలవాటు మీద నాకున్న అభ్యంతరం ఇదే.

ఆమెకు మైనస్ పవర్ ఉంటే మరో మెలిక. మైనస్ కళ్లజోడు దగ్గరి చూపులో కంటికి కొంత శ్రమ తగ్గిస్తుంది. కాంటాక్ట్ లెన్స్‌కు మారగానే ఆ సాయం పోతుంది, అప్పటిదాకా బయటపడని చత్వారం బయటపడుతుంది.

ఒక కంటికి దూరం, మరోదానికి దగ్గర అని పంచే పద్ధతి కూడా ఉంది. చాలామందికి హాయిగా సరిపోతుంది. పూసలు కుట్టేవారికి మాత్రం నేను సిఫార్సు చేయను. రెండు కళ్లూ కలిసి చూస్తేనే సూదిమొన లోతు సరిగ్గా తెలుస్తుంది. మధ్యలో దగ్గరి పవర్ ఉన్న వలయాల లెన్స్ అయితే దగ్గరికి చూసేటప్పుడు కనుపాప ముడుచుకుంటుంది కాబట్టి పనికి అనుకూలం. కానీ మిట్టమధ్యాహ్నం తార్నాక చౌరస్తాలో ఎండకు కూడా కనుపాప ముడుచుకుంటుంది, అప్పుడు బస్సు బోర్డు మసకబారుతుంది. వంగి కిందికి చూస్తూ చేసే పనికి పైన దూరం, కింద దగ్గర ఉన్న గట్టి లెన్సే ముందు ప్రయత్నించదగ్గది, దాన్ని కన్ను ఓర్చుకుంటే. క్యాంపస్ దగ్గర ఎదురుగా స్క్రీన్ చూస్తూ థీసిస్‌లు టైప్ చేసే మనిషికి అది పనికిరాదు. అక్కడ వలయాల లెన్స్ మేలు. ఇవేవీ కుదరకపోతే దూరానికి మామూలు కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుని, సన్నపని వేళ దాని మీద చదువు కళ్లజోడు వేసుకోవడం చక్కటి పరిష్కారం.

కాబట్టి కంటి పరీక్షకు వెళ్లేటప్పుడు మీ పనిని వెంట తీసుకెళ్లండి. గుడ్డ ముక్క, సూది, చదివే పుస్తకం, ఏదైనా సరే. కంటి నుంచి పని దాకా ఎంత దూరమో ఇంట్లోనే టేపుతో కొలిచి రాసుకెళ్లండి. ట్రయల్ లెన్స్ పెట్టాక గోడ మీది అక్షరాలు చదివి సరేననకండి, ఆ లెన్స్‌తో కాసేపు మీ పని చేసి చూశాకే డబ్బు కట్టండి.