వార్తల్లో పదం: టి-రెగ్ కణాలు

2025 వైద్య నోబెల్‌ను మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు తెచ్చిపెట్టినవి ఈ కణాలే. పూర్తి పేరు రెగ్యులేటరీ టి కణాలు.

మన రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు క్రిములతో పోరాడతాయి. సొంత ఒంటిమీదే గురిపెట్టే వాటిని థైమస్ గ్రంథి మొదట్లోనే ఏరేస్తుంది. అయినా కొన్ని తప్పించుకుని రక్తంలోకి వస్తాయి. ఆరోగ్యవంతుల్లోనూ ఇది జరిగేదే. వాటిని అదుపులో ఉంచేవి టి-రెగ్‌లు. ఇలాంటి కణాలున్నాయని సకగుచి 1995లో చూపారు. టి-రెగ్‌ల తయారీకి కీలకమైన ఫాక్స్‌పి3 జన్యువు చెడితే ఎలుకల్లోనూ పిల్లల్లోనూ తీవ్రమైన ఆటోఇమ్యూన్ జబ్బు వస్తుందని మిగతా ఇద్దరూ 2001లో తేల్చారు.

అదుపు తప్పిన టి కణాలు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తే వచ్చేది టైప్ 1 మధుమేహం. ఎక్కువగా పిల్లల్లో, యువతలో బయటపడుతుంది. నిలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రికి వచ్చే ప్రతి తల్లికీ ఈ మాట చేరాలి: ఇది మిఠాయిలు తిన్నందుకు వచ్చింది కాదు, పెంపకంలో లోపమూ కాదు. బిడ్డకు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కనిపిస్తే ఆ రోజే రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి. ఇన్సులిన్ మొదలుపెట్టాక ఎవరు చెప్పినా ఆపకూడదు. టి-రెగ్‌లను పెంచి జబ్బును అడ్డుకునే చికిత్సలు ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయి.