శ్వాసయంత్రముల వర్గీకరణము

హైదరాబాదులోని నల్లకుంటయందు ఫీవరాసుపత్రి యున్నది. 1897లో సికిందరాబాదున మలేరియా క్రిమిని దోమ శరీరములో కనుగొనిన సర్ రోనాల్డ్ రాస్ పేరు దీని అసలు పేరు. నగరవాసులలో చాలమంది మాత్రము దీనిని కోరంటి దవాఖానా అందురు. అంటువ్యాధి గలవారిని వేరుగా నుంచుటకు వాడు ‘క్వారంటైన్’ అను మాటయే జనుల నోట ‘కోరంటి’ అయినది. ఆసుపత్రి ఒక్కటే, పేర్లు మూడు. ఇందువలన నష్టము లేదు. ఏ పేరు చెప్పినను ఆటోవాడు అక్కడికే చేర్చును. కాని ప్రాణము నిలుపు యంత్రములకు పేర్లు ఇట్లు పెరిగినచో చిక్కు వచ్చును.

ధనుర్వాతము ముదిరినచో ఛాతీ కండరములు బిగిసిపోయి రోగి ఊపిరి తీయజాలడు. అప్పుడు వెంటిలేటరు అను శ్వాసయంత్రము గాలిని ఊపిరితిత్తులలోనికి నెట్టును. 1952లో కోపెన్‌హేగన్ నగరమున పోలియో వ్యాపించినపుడు వైద్యవిద్యార్థులు వంతులవారీగా రబ్బరు సంచులను చేతితో నొక్కుచు రోగులకు ఊపిరి పోసిరి. నేడు ఆ పని యంత్రము చేయుచున్నది. అది గాలి నిచ్చు పద్ధతిని ‘మోడ్’ అందురు.

ఒక్కొక్క కంపెనీ తన మోడ్‌లకు తనకు తోచిన పేరు పెట్టుకొన్నది. ఒక యంత్రముపై ‘పి.ఆర్.వి.సి.’ అనియు, వేరొకదానిపై ‘వి.సి. ప్లస్’ అనియు, మరియొకదానిపై ‘ఎ.పి.వి.’ అనియు ఉండును. పనిలో మూడును ఒక్క తెగవే. వేరుసెనగను తెలంగాణమున పల్లీ అనియు, రాయలసీమలో బుడ్డలు అనియు అనుట వంటిదే ఇది. వృక్షశాస్త్రజ్ఞులు అరాకిస్ హైపోజియా అను ఒక్క పేరుతో ఆ చిక్కు తీర్చిరి. మోడ్‌ల విషయమున అట్టి పనికి పూనుకొన్నవారు అమెరికాలోని రాబర్ట్ చాట్‌బర్న్, ఆయన సహచరులు. 2014లో వారు ప్రచురించిన పద్ధతిలో మూడు ప్రశ్నలున్నవి.

మొదటిది: యంత్రము దేనిని అదుపు చేయుచున్నది? బుడగ ఊదునపుడు రబ్బరు సాగవలెను, ఇరుకు మూతిగుండా గాలి పోవలెను. ఊపిరితిత్తులకును ఇంతే:

పీడనము = (బిగువు × ఘనపరిమాణము) + (నిరోధము × ప్రవాహము)

ఒక వైపు మనము నిర్ణయించినచో రెండవ వైపు దానంతట అదే వచ్చును. 400 మిల్లీలీటర్ల గాలి ఇమ్మని నిర్ణయించినచో, బిగుసుకొన్న ఊపిరితిత్తులలో పీడనము పెరుగును. పీడనమునే నిర్ణయించినచో లోనికి పోవు గాలి తగ్గును. రెండింటిని ఒకేసారి శాసింపలేము.

రెండవది: శ్వాసను ఆరంభించి ముగించునది ఎవరు? అన్నియు యంత్రశ్వాసలు కావచ్చును; యంత్రశ్వాసల నడుమ స్వయంశ్వాసలు రావచ్చును; అన్నియు స్వయంశ్వాసలే కావచ్చును. రెండు మూళ్లు ఆరు. కాని తెగలు 5 మాత్రమే. ఏలయన, గాలి పరిమాణమును యంత్రమే నిర్ణయించినపుడు శ్వాసను ముగించునదియు యంత్రమే. అది స్వయంశ్వాస కాజాలదు.

మూడవది: లక్ష్యమును చేరు ఉపాయమేది? వైద్యుడు పెట్టిన అంకెను యంత్రము మార్పు లేక పాటించునా, లేక గత శ్వాసను చూచి సవరించుకొనునా? ఇట్టి ఉపాయములు 7 గలవు.

ఇక ‘వి.సి. ప్లస్’ను పరీక్షింతము. ‘వి’ అనగా వాల్యూము, అనగా ఘనపరిమాణము. కాని యంత్రము అదుపు చేయునది పీడనమునే. గాలి కోరిన పరిమాణమునకు చేరునట్లు ఆ పీడనమును శ్వాసశ్వాసకు సవరించును. రోగి ఆయాసపడి గట్టిగా పీల్చినాడనుకొనుడు. గాలి ఎక్కువ పోయినదని యంత్రము తన పీడనమును తగ్గించును. అనగా సాయము కావలసిన వేళనే సాయము తగ్గును! పేరును నమ్మినవారు, పీడనము తగ్గినది గనుక రోగి కుదుటపడినాడని పొరబడవచ్చును.

ఈ వర్గీకరణము ననుసరించి మొబైల్ ఫోనులో చూచుకొనదగు యాప్ కూడ తయారైనది. యంత్రముపైనున్న పేరు ఏ తెగకు చెందినదో అందు తెలిసికొనవచ్చును. అది నిఘంటువు వంటిది, చికిత్స చెప్పదు. తెగ తెలిసిన పిమ్మట రోగి ఛాతీని, యంత్రపు అంకెలను కలిపి చూచి నిర్ణయింపవలసినవాడు వైద్యుడే.