చిల్లు పూడాలి... కరెంటు తెగకూడదు

పుట్టే ప్రతి వెయ్యిమంది పిల్లల్లో సుమారు ఎనిమిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ‘గుండెకు చిల్లుంది, ఆపరేషన్ చేయాలి’ అని డాక్టరు చెప్పగానే పాలకొల్లు అమ్మమ్మయినా, అంబాజీపేట నాయనమ్మయినా అడిగేది ఒకటే: ‘కోసినచోట మానిపోతుందాండీ?’ సర్జన్‌ బెంగ మాత్రం కరెంటు గురించి.

గుండె కుడి పైగదిలోని సైనస్ నోడ్‌లో పుట్టిన విద్యుత్ సంకేతం, ఏవీ నోడ్ దగ్గర సెకనులో పదోవంతు ఆగి, హిస్ బండిల్ అనే సన్నటి పోగు గుండా కింది గదులకు దిగుతుంది. ధవళేశ్వరంలో వదిలిన నీరు కాలువ పట్టుకుని శివారు చేలకు చేరినట్టన్నమాట. మధ్యలో కాలువ తెగిందా, పైన గోదావరి నిండుగా ఉన్నా శివారు ఎండుతుంది. గుండెలో దాన్నే హార్ట్ బ్లాక్ అంటారు.

చిక్కేమిటంటే, కింది గదుల మధ్య ఏర్పడే వీఎస్‌డీ చిల్లుల్లో ఎక్కువ వాటికి వెనక, కింది అంచును ఆనుకునే ఆ పోగు పోతుంది. చుట్టూ ఉన్న కండరానికీ దానికీ కంటికి తేడా తెలియదు. పైగా కుట్లు వేసే వేళకు మందిచ్చి గుండెను ఆపేసి ఉంటారు. గుండె ఆగితే కరెంటూ ఆగినట్టే, వెతుకుదామన్నా జాడ దొరకదు. అందుకే సర్జన్ గుండె కుడి గదుల మధ్య ఉండే ట్రైకస్పిడ్ కవాటపు రెక్కను పక్కకు లాగి, ఆ మూలకు వచ్చేసరికి సూదిని అంచుకు కొన్ని మిల్లీమీటర్లు ఎడంగా, కుడివైపునే, పైపైన పోనిస్తాడు. లోతుగా గుచ్చితే పట్టు గట్టిగానే ఉంటుంది, పోగే దక్కకపోవచ్చు.

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. ఏవీ నోడ్‌ను జపాన్ వైద్యుడు సునావో తవారా 1906లోనే వివరించాడు. అయినా 1954లో మిన్నెసోటాలో సర్జన్ వాల్టన్ లిల్లెహై వీఎస్‌డీలు మూయడం మొదలుపెట్టినప్పుడు హార్ట్ బ్లాక్ వచ్చిన పిల్లలు బతికి బట్టకట్టడం అరుదు. 1957 జనవరిలో గుండె కండరానికే తీగ కుట్టి, బయటి యంత్రంతో కొట్టించారు. ఆ యంత్రానికి గోడ ప్లగ్గే ఆధారం. అదే ఏడాది అక్టోబర్ 31న మినియాపొలిస్‌లో కరెంటు పోయింది. కోతలు ఎరిగిన మనవాళ్లకు ఆ వార్డుల్లో కంగారు గురించి వేరే చెప్పాలా? ఆ తర్వాతే ఇంజినీరు ఎర్ల్ బాకెన్ గుండెను కొట్టించే యంత్రాన్ని బ్యాటరీతో నడిచేలా, అంటే బ్యాటరీ పేస్‌మేకర్ తయారుచేశాడు. సర్క్యూట్ ఎక్కడిదనుకున్నారు? ఓ ఎలక్ట్రానిక్స్ పత్రికలో అచ్చయిన, సంగీతానికి తాళం కొట్టే మెట్రోనోమ్‌ది!

ఇప్పుడు వీఎస్‌డీ ఆపరేషన్లలో శాశ్వత బ్లాక్ నూటికి ఒకరిద్దరికే వస్తోంది. క్లిష్టమైన లోపాల్లో ముప్పు ఇంకా ఎక్కువే. వాపు వల్ల వచ్చిన బ్లాక్ చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది కాబట్టి, తాత్కాలిక తీగలతో కనీసం వారమైనా చూసిగానీ శాశ్వత పేస్‌మేకర్ జోలికి వెళ్లరు. అది పెట్టాక మాత్రం బ్యాటరీ మార్పిళ్లు జన్మంతా తప్పవు.

బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో, గుండెను ఆపకముందే ఎలక్ట్రోడ్లతో పోగు దారిని గుర్తించే పద్ధతి వాడుతున్నారు. అక్కడి సర్జన్ ఆదిత్య కాజా బృందం ఇంకో దారి పట్టింది. ఫ్లోరెసిన్ రంగు వేసి, ఫైబర్ ఆప్టిక్ సూక్ష్మదర్శినితో కణజాలాన్నే చూస్తారు. ఇందులో సుగుణం, ఆగిన గుండెలోనూ పోగు కనిపించడం.

మన దగ్గరికొస్తే, గోదావరి జిల్లాల పేద పిల్లలకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) పెద్దాసుపత్రుల దారి చూపింది. 2021 అక్టోబర్‌లో తిరుపతిలో టీటీడీ శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం వచ్చింది. ఆపరేషన్ అయ్యాక మళ్లీ అంతదూరం వెళ్లడమే కోనసీమ కుటుంబాలకు కష్టం. హార్ట్ బ్లాక్ అరుదుగా ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది. బిడ్డ కళ్లు తిరిగి పడిపోయినా, నాడి మరీ నెమ్మదించినా వెంటనే ఈసీజీ తీయించాలి. దానికి తిరుపతి దాకా పోనక్కర్లేదు, అమలాపురంలోనే తీస్తారు.