రహస్యము పలుకని సాక్షి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పాఠకులకు, దుబాయిలోనో రియాద్‌లోనో కువైట్‌లోనో విమానము దిగిన కొత్తవాడు మొట్టమొదట కొనునది ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. క్యాంపులో తన మంచము ఏ మూలనున్నదో సరిగా తెలియకమునుపే, మొదటి నెల జీతము చేతి కందకమునుపే, పాస్‌పోర్టు చూపి, సౌదీలోనైతే వేలిముద్ర కూడ వేసి, అతడు ఒక సిమ్ కార్డు సంపాదించును. ఆ గోరంత ముక్క ఫోనులో కూర్చున్న క్షణము నుండి ఇంటితో మాట, డ్యూటీ దిగిన తరువాత తెలుగు సినిమా, సద్దుల బతుకమ్మనాటి వీడియో కాల్, ఇవన్నియు అతనికి సాధ్యములగును. నిత్యము చేతిలో మెదలు ఈ వస్తువు లోపల జరుగు వ్యవహారము, గడచిన అర్ధశతాబ్దపు యంత్రకల్పనలన్నిటిలోను నా మనస్సును అత్యంత గాఢముగా ఆకర్షించినది.

కోరుట్లలో ఎనిమిదవ తరగతి పిల్లలకు విద్యుత్తు పాఠము చెప్పుచుండగా ఒక బాలిక లేచి, "సార్, మా బాపు ఇక్కడ కొన్న ఫోనే దుబాయికి తీస్కపోయిండు. ఆడ సిమ్ము మార్చంగనే నంబరు మారింది. మరి నంబరు ఏడుంటది సార్, ఫోన్లనా, సిమ్ములనా? సిమ్ముల బ్యాటరీ సుత లేదు గద!" అని అడిగెను. దానికి సత్యమైన సమాధానము విని తరగతియంతయు ఆశ్చర్యపడినది. మనము డయలు చేయు నంబరునకు అసలు నివాసము ఫోనును గాదు, సిమ్మును గాదు. అది కంపెనీవారి కంప్యూటరులోని పట్టికలో ఒక వరుస. సిమ్ములో ముఖ్యముగా ఉండునవి రెండు సంఖ్యలు. మొదటిది పదునైదంకెల గుర్తింపు సంఖ్య. అందు మొదటి మూడంకెలు దేశమును తెలుపును. భారతదేశమునకు 404, 405, ఎమిరేట్సునకు 424, సౌదీకి 420, కువైట్‌కు 419, ఖతర్‌కు 427. పట్టికలో ఈ సంఖ్య కెదురుగా మన నంబరు వ్రాయబడియుండును. సిమ్ము పోగొట్టుకొన్నను పాత నంబరే మరల లభించుటకు కారణమిదియే: కంపెనీవారు కొత్త సిమ్ము సంఖ్యను పాత నంబరు కెదురుగా వ్రాసికొందురు. రెండవది రహస్యసంఖ్య. ఈ వ్యాసము దాని కథయే.

పనికిరాని పాత సిమ్ము నొకదానిని బ్లేడుతో మెల్లగా ప్లాస్టిక్కు నుండి ఊడదీసి భూతద్దము క్రింద పెట్టి చూడుడు. బంగారు పూత గల పలక సన్నని గీతలతో గడులుగా చీలియుండును. ఒక గడి విద్యుత్తును లోనికి తెచ్చును. ఒకటి దానిని తిరిగి పంపును. ఒకటి గడియారపు స్పందనల నందించును. ఒకటి యంత్రమును మొదటినుండి ఆరంభింపజేయును. మాటల రాకపోకలన్నియు మరియొక గడి గుండనే సాగును. పలకను త్రిప్పి వెనుకనున్న రెసిను బొట్టును గీకినచో కొద్ది మిల్లీమీటర్ల సిలికాను ముక్కయు, దానినుండి గడులకు సాగిన, వెండ్రుకకంటె సన్నని తీగెలును బయటపడును. ఆ ముక్కలో సంపూర్ణమైన కంప్యూటరొకటి కలదు. బ్యాటరీ లేదన్న బాలిక మాట నిజమే. ఫోను విద్యుత్తు నిచ్చినంతసేపే అది పనిచేయును. అయినను తనలో వ్రాసినదానిని విద్యుత్తు లేకున్నను మరువదు.

ఇక చిక్కు ఎచట వచ్చినదో చూతము. ఫోను మాట గాలిలో సాగును. తగిన రేడియో యంత్రమున్నవాడెవడైనను దానిని వినవచ్చును. తొలితరపు సెల్ ఫోనులు తమ గుర్తింపు సంఖ్యలను గాలిలో బహిరంగముగానే పలికెడివి. దొంగలు వానిని పట్టి వేరొక ఫోనులో ఎక్కించి, ఒకరి ఖాతాపై మరొకరు మాటలాడుట 1990 దశకమున అమెరికాలో పెద్ద బెడదయై యుండెను. ఇట్టి మోసమునకు తావు లేకుండ ఐరోపా ఇంజనీర్లు సాధింపవలసినది ఇది: తనయొద్ద రహస్యమున్నదని సిమ్ము కంపెనీకి రుజువు చేయవలెను, కాని ఆ రహస్యమును ఒక్కమారైనను పలుకరాదు.

ఇది ఎట్లు సాధ్యమో తరగతిలోనే ఆడి చూచితిమి. ఇద్దరు పిల్లలను గది రెండు మూలల నిలిపి, ఇద్దరి చెవులలోను 37 అను సంఖ్యను చెప్పితిని. ఒకడు కంపెనీ, ఒకతె సిమ్ము. కంపెనీ తనకు తోచిన 52 అను సంఖ్యను బిగ్గరగా పలికెను. సిమ్ము దానిని తన రహస్యముతో గుణించి, వచ్చిన 1924లో చివరి రెండంకెలైన 24ను మాత్రము బదులు చెప్పెను. కంపెనీయు తనలో అదే లెక్క చేసికొని, సరిపోగానే ఆమెను ఒప్పుకొనెను. నడుమ కూర్చున్న దొంగ ప్రశ్నను, జవాబును రెండింటిని వినెను. కాని మరుసారి ప్రశ్న మారును గనుక పాత జవాబు చెల్లదు. అయితే దొంగ వేషము వేసిన బాలుడు చురుకైనవాడు. కాగితముపై లెక్కవేసి, రహస్యము 12, 37, 62, 87 అను నాలుగింటిలో ఒకటియై తీరవలెనని తేల్చెను. రెండవ ప్రశ్న 51, జవాబు 87 అని వినగానే మిగిలిన మూడును తొలగి 37 బయటపడినది. ఆ బాలుని విజయమే నాటి పాఠమునకు ప్రాణము. ప్రశ్నను, జవాబును విన్నవాడు వెనుకకు నడచి రహస్యమును చేరుకొనుటకు త్రోవ లేని లెక్క కావలెను.

జీఎస్‌ఎం అను ఐరోపా పద్ధతి ననుసరించిన నిజమైన సిమ్ములో రహస్యసంఖ్య 128 బిట్లు; దశాంశపద్ధతిలో వ్రాసినచో 39 అంకెల వరకు సాగును. కంపెనీ పంపు ప్రశ్నయు 128 బిట్లే, ప్రతిసారియు కొత్తగా, యాదృచ్ఛికముగా పుట్టినది. సిమ్ము ఈ రెండింటిని కలిపి కలచి 32 బిట్ల జవాబు నిచ్చును. ఆ రెండింటినుండియే 64 బిట్ల తాళపుచెవి నొకదానిని కూడ పుట్టించి, మాటలను గాలిలో గూఢముగా పంపుటకై ఫోనున కందించును. లెక్కయంతయు సిమ్ము లోపలనే జరుగుటచే ఫోనుకు సైతము రహస్యము తెలియదు. రహస్యమును చదివి చెప్పుమని సిమ్మును ఆజ్ఞాపించుటకు ఆజ్ఞయే కల్పింపబడలేదు.

అయినను లెక్క బలహీనమైనచో ఏమగునో 1998లో లోకము చూచినది. అనేక కంపెనీలు వాడుచుండిన కాంప్-128 అను లెక్కను మార్క్ బ్రిసెనో, ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ అనువారు పరీక్షించి, సిమ్ము చేతికి చిక్కినచో, ఎన్నికచేసిన ప్రశ్నలను సుమారు లక్షన్నర వేసి కొన్ని గంటలలో దాని రహస్యమును రాబట్టవచ్చునని నిరూపించిరి. ఆ లెక్కను బయటివారికి తెలియకుండ దాచియుంచుటచే దాని లోపము అంతకాలము ఎవరి కంటను పడలేదు. పద్ధతి పదిమంది పరీక్షకు నిలువవలెను, సంఖ్య మాత్రమే దాగియుండవలెను అను పాఠమును ఆ సంఘటన గట్టిగా నేర్పినది.

నేను అన్నిటికంటె ప్రేమించు ఘట్టము ఇక వచ్చుచున్నది. సిరిసిల్ల నుండి బయలుదేరినవాడు ఇక్కడి సిమ్ముతోనే దుబాయి విమానాశ్రయమున ఫోను తెరచెననుకొందము. అచటి కంపెనీకి ఆ సిమ్ము పూర్తిగా అపరిచితము. దాని రహస్యము దుబాయిలో ఎవరికిని తెలియదు, తెలియనీయరాదు. అచటి కంపెనీ మొదట సిమ్మునుండి పదునైదంకెల సంఖ్యను తెలిసికొని, ఆరంభమున 404 గాని 405 గాని ఉండుటనుబట్టి దేశమును, తరువాతి అంకెలనుబట్టి కంపెనీని పోల్చుకొని, ఆ సొంత కంపెనీకి సందేశము పంపును. సొంత కంపెనీ రహస్యమును పంపదు. తానే ఒక ప్రశ్నను పుట్టించి, దానికి సిమ్ము చెప్పవలసిన జవాబును, అప్పుడు పుట్టవలసిన తాళపుచెవిని ముందుగానే లెక్కించి, ఆ మూడింటిని కలిపి సముద్రము దాటించును. దుబాయి కంపెనీ ఆ ప్రశ్నను సిమ్మునకు వేసి, వచ్చిన బదులును తన చేతనున్న జవాబుతో సరిచూచును. సరిపోయినచో ఫోనులో గీతలు నిండును. ఆ లెక్క ఎట్టిదో కూడ దుబాయి కంపెనీ ఎరుగనక్కరలేదు! విశ్వాసము రెండున్నర వేల కిలోమీటర్లు ప్రయాణము చేయును. రహస్యము ఇల్లు కదలదు. గల్ఫులో అచటి సిమ్ము వేసికొన్నవాడు ఇక్కడి సిమ్మును కూడ ఫోనులోని రెండవ అరలో నిలుపుకొని రీచార్జి చేయించుచుండుట, ఊరి బ్యాంకు పంపు ఓటీపీ అతనిని అంత దూరమునను చేరుట, ఈ ఏర్పాటు ఫలమే.

ఈ సిమ్ము కార్డు కల్పనకు మూలపురుషులలో ఒకడైన హెల్ముట్ గ్రోట్రుప్ రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనీలో వి-2 రాకెట్టు నియంత్రణపై పనిచేసినవాడు. అతడును యూర్గెన్ డెట్లోఫ్‌యు 1968లో ప్లాస్టిక్కు కార్డులో సిలికాను ముక్కను పొదుగు ఊహకు పేటెంటు కోరిరి. ఫ్రాన్సున రోలాండ్ మొరెనో 1974లో తన పేటెంటుతో ముందుకు వచ్చెను. కరెన్సీ నోట్లు ముద్రించు మ్యూనిక్ సంస్థ గీసెకె అండ్ డెవ్రియెంట్ 1991లో తొలి సిమ్ములను తయారుచేసి ఫిన్లాండులోని రేడియోలిన్యా అను ఫోను కంపెనీకి అమ్మెను. ఆ యేడు జూలై 1న ఆ దేశపు మాజీ ప్రధాని హర్రి హోల్కెరి తొలి జీఎస్‌ఎం కాల్ చేసెను.

మనిషి గుర్తింపును ఫోనునుండి వేరుచేసి చేతికిచ్చుట ఐరోపావారి మార్గము. గుర్తింపును ఫోనులోనే బిగించుట అమెరికాలో వ్యాపించిన మార్గము. ఈ రెంటి పోటీని మనము మన ఊళ్లలోనే చూచితిమి. 2003లో రిలయన్సువారు 501 రూపాయల పథకముతో ఆ రెండవ మార్గపు సీడీఎంఏ ఫోనులను ఇంటింటికి చేర్చిరి. మాట చౌకయైనది, సామాన్యుడు మొదటిసారి సెల్లు పట్టెను, అది చిన్న మేలు గాదు. కాని వానిలో తీసి వేసికొనుటకు సిమ్ము లేదు, గల్ఫు దేశములు పట్టిన మార్గము జీఎస్‌ఎం. కావున ఆ ఫోను వీసా వచ్చినవానివెంట పోజాలకపోయెను. అదే సమయమున గల్ఫు నుండి సెలవుకు వచ్చినవాడు తెచ్చిన నోకియా ఫోను, జగిత్యాలలో ఇక్కడి సిమ్ము వేయగానే పలికెను. వలసపోవువానికి ఏ మార్గము మేలో ఆ ఒక్క దృశ్యమే తేల్చినది.

తరువాతి చరిత్ర వేగముగా నడచినది. 85.6 మిల్లీమీటర్ల పొడవుతో పుట్టిన కార్డు 12.3 మిల్లీమీటర్లకు కుదించుకొనెను. మూడవ తరమునందు సిమ్ము తాను రుజువిచ్చుటతో ఆగక, ఎదుట నిలిచినది నిజమైన కంపెనీయేనా అని తిరిగి రుజువు కోరుట నేర్చెను. ఇప్పుడు ఈ-సిమ్ముగా ఫోనులోనే కరగిపోవుచున్నది. ఇంటర్నెట్టు కాల్ వచ్చి నిమిషములనుబట్టి రుసుము చెల్లించుటను తగ్గించెను. సౌదీ 2017లో అట్టి కాల్స్‌పై నిషేధమును సడలించగా, ఎమిరేట్సులో వాట్సాప్ కాల్‌నకు అనుమతి లేక మనవారు బోటిమ్ వంటి అనుమతి గల యాప్‌లతో ఇంటివారి ముఖములు చూచుచున్నారు.

ఇంతటి యంత్రమునకును ఒక హద్దు కలదు. అది కార్డును గుర్తించును, దానిని పట్టిన మనిషిని గుర్తింపదు. ఒకని పేర తీసికొన్న సిమ్ముతో మరియొకడు నేరము చేసినచో, సిమ్ము నిష్కళంకముగా మొదటివాని పేరనే సాక్ష్యము పలుకును. పరదేశపు పోలీసులు వచ్చునది అతని మంచము దగ్గరికే. కార్డునకు మనిషికి ముడివేయుటకు యంత్రము ఇచ్చిన సాధనము పిన్ను అను గుప్తసంఖ్య. మూడుమారులు తప్పినచో సిమ్ము మూసికొనును. తెరచుటకైన పక్ సంఖ్యయు పదిమారులు తప్పినచో ఎన్నటికిని తెరచుకొనదు. ఇంత మంచి తాళమును పెట్టుకొనక ఉపేక్షించువారే ఎక్కువ. వీసాను గూర్చియు ఒప్పందమును గూర్చియు చెప్పు ప్రయాణపూర్వ శిక్షణలో ఈ గోరంత యంత్రమునకు ఒక గంట కేటాయింపవలెనని నా దృఢాభిప్రాయము. సిమ్ము తన పేరననే తీసికొనవలెను, పిన్ను పెట్టుకొనవలెను, తోడి పనివాడు ఎంత బతిమాలినను తన పేరి సిమ్మును ఇయ్యరాదు, ఓటీపీని ఎవరికిని చెప్పరాదు. తన రహస్యమును తన కంపెనీ తప్ప ఎవరికిని తెలియనీయని సిమ్ము పాటించు నియమమును, దానిని పట్టినవాడును పాటించిననాడే ఆ యంత్రపు కాపుదల సంపూర్ణమగును.