మెఫీబోషెతు పాదములు: ఎదుగుదల లోపమున్నవారి ఆరోగ్యము, సంఘ బాధ్యత

ఆరాధన ముగిసిన తరువాత ప్రార్థన కొరకు ముందుకు వచ్చేవారిలో, ఎదుగుదల లోపమున్న బిడ్డను చేయి పట్టుకొని నడిపించుకొచ్చే తల్లిని చూడని కాపరి మన తెలుగు సంఘములలో బహుశా ఉండరు. ఆ బిడ్డ తలమీద చేయి ఉంచి స్వస్థత కొరకు ప్రార్థిస్తాము. ప్రార్థించడం తప్పని మేము అనడం లేదు. అయితే ఆ బిడ్డకు పన్ను నొప్పి ఉన్నదా, చెవులు సరిగా వినబడుతున్నవా, రాత్రి నిద్ర పడుతున్నదా అని అడిగినవారెందరు? వైకల్యము తొలగాలని కోరేవారు చాలామంది. ఆ వైకల్యముతోనే బ్రతుకుతున్న శరీరము ఆరోగ్యంగా ఉండాలని పట్టించుకొనేవారు కొద్దిమంది. ఈ వ్యాసములో మేము పరిశీలించదలచినది ఈ రెండవ సంగతి.

డౌన్ సిండ్రోమ్, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యము మొదలైన స్థితులు పుట్టుకకు ముందో బాల్యములోనో మొదలై జీవితాంతము ఉంటాయి. (మన పాత ప్రసంగాలలో దొర్లిన ‘మందబుద్ధి’ వంటి మాటలను ఇక విడిచిపెట్టడం మంచిది.) ఇవి స్థితులే గాని రోగములు కావు. వీటినే రోగమని పిలుస్తూ ఉంటే, వీటితోపాటు వచ్చే అసలు రోగములు మన కంటికి ఆనవు.

డౌన్ సిండ్రోమ్‌నే తీసుకొందాము. 1866లో ఆంగ్ల వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ దీనిని వర్ణించాడు. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండడమే కారణమని 1959లో ఫ్రాన్సులో జెరోమ్ లెజూన్, అతని సహచరులు ప్రకటించారు. తల్లి గర్భవతిగా ఉండి గ్రహణం చూసినందుకు గాని, ఎవరి పాపమును బట్టి గాని ఇది వచ్చినది కాదు. పుట్టు గ్రుడ్డివాని విషయమై శిష్యులు వేసిన ప్రశ్నను (యోహాను 9) ప్రభువు ఏనాడో త్రోసిపుచ్చినా, మన ఊళ్ళలో అది ఇంకా వినబడుతూనే ఉన్నది. ఈ స్థితితో పుట్టిన పిల్లలలో దాదాపు సగం మందికి గుండెలో లోపముంటుంది. థైరాయిడ్ మందగించడం, వినికిడి తగ్గడం, చూపు లోపము చాలామందిలో కనబడతాయి. నలభై ఏండ్లు దాటిన తరువాత మతిమరుపు వ్యాధి ఇతరులకంటె ముందుగా రావచ్చు. వీటిలో ఎక్కువ భాగము పరీక్షకు దొరికేవి, చికిత్సకు లొంగేవి. అమెరికాలో 1983లో డౌన్ సిండ్రోమ్ గలవారి సగటు ఆయుష్షు సుమారు 25 సంవత్సరములు. నేడు అది 60కి చేరినది. క్రోమోజోము మారలేదు. గుండెకు శస్త్రచికిత్స చేయసాగారు, ఆశ్రమాలలో పడవేయడం మాని ఇండ్లలో పెంచసాగారు. మన రాష్ట్రములో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకములో పిల్లల గుండె శస్త్రచికిత్సలు కూడా చేర్చబడినవి. కాబట్టి ఖర్చు ఒక్కటే అడ్డు అని చెప్పడానికి లేదు. బిడ్డను పరీక్షకు తీసుకొనివెళ్ళేటంతటి విలువ ఆ బిడ్డకు ఇవ్వకపోవడం అంతకంటె పెద్ద అడ్డు.

లోపపు నీడలో రోగము దాగిపోవడమనే ప్రమాదము వైద్యులకు బాగా తెలిసినదే. మాటలు రాని యువకుడొకడు ఉన్నట్టుండి తలను గోడకు కొట్టుకొంటున్నాడనుకోండి. ‘వీని స్వభావమే అంత’ అంటారు ఇంటివారు. నిద్రమాత్ర వ్రాసిస్తారు వైద్యులు. దురాత్మ పట్టినదంటారు సంఘములో కొందరు. నోరు తెరిపించి చూస్తే పుచ్చిన పన్ను, దాని క్రింద చీము! చెవిపోటు, మలబద్ధకము, కడుపులో పుండు కూడా ఇలాగే ‘ప్రవర్తన’ అనే ముసుగు వేసుకొని వస్తాయి. చురుకుగా ఉండే అమ్మాయి నెమ్మదిగా మందకొడిగా మారితే, అది ఆమె లోపములో భాగమని సరిపెట్టుకొంటారు గాని థైరాయిడ్ పరీక్ష చేయించరు. నొప్పిని చెప్పలేనివానికి నొప్పి లేదని అనుకోవడం ఎంత అన్యాయము!

ఇంతకంటె గంభీరమైనది మూర్ఛ విషయము. మేధో వైకల్యము, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో మూర్ఛ తరచుగా కనబడుతుంది. మత్తయి 17వ అధ్యాయములో ఇటువంటి బాలుని మన తెలుగు బైబిలు ‘చాంద్రరోగి’ అని పేర్కొన్నది. ఆ వృత్తాంతమును ఆధారము చేసుకొని స్వస్థత కూడికలలో ప్రార్థన చేయించుకొని, ‘ఇక మాత్రలు అక్కరలేదు’ అని మానిపించి, దానినే సాక్ష్యముగా చెప్పించే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. మూర్ఛ మందులు ఉన్నపళంగా మానితే ఎడతెగని మూర్ఛలు వచ్చి ప్రాణమే పోవచ్చు. ఈ సంగతి తెలిసీ వేదికమీద మౌనముగా ఉండే కాపరి ఆ మరణములో పాలివాడని మా నిశ్చితాభిప్రాయము. మార్కు సువార్తలో (9:21) యేసు ప్రభువు ఆ బాలుని స్వస్థపరచక ముందు తండ్రిని ఒక ప్రశ్న అడుగుతాడు: ఇది వీనికి సంభవించి ఎంతకాలమైనదని. మంచి వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న అది. చిన్నప్పటినుండి అని తండ్రి జవాబిస్తాడు, నిప్పులోను నీళ్ళలోను పడిన సంగతి చెబుతాడు. ప్రభువు ఓపికతో విన్నాడు.

బిడ్డను సాకేవారి మాట వినడం అవసరమని ఈ భాగము నేర్పుతుంది. అయితే వారి మాట ఒక్కటే చాలదని నేర్పే వాక్యభాగము మరొకటి ఉన్నది. మెఫీబోషెతు కథను మనము సాధారణంగా 2 సమూయేలు 9వ అధ్యాయముతో ఆపివేస్తాము. అయిదేండ్లవాడై ఉండగా దాది ఎత్తుకొని పారిపోతుంటే పడి కుంటివాడైనాడు (4:4). లోదెబారులో పరాయి ఇంట ఉన్నవానిని దావీదు పిలిపించి రాజు బల్లయొద్ద కూర్చోబెట్టాడు. కృపను గూర్చి ప్రసంగించడానికి ఇంతవరకు చాలు. అధ్యాయము చివరి మాట మాత్రము అతడు రెండు కాళ్ళు కుంటివాడనే చెబుతుంది. బల్లయొద్ద చోటు దొరికినది, కాళ్ళు బాగుపడలేదు.

కథ అక్కడ ముగియలేదు. దావీదు అబ్షాలోముకు భయపడి యెరూషలేము విడిచినప్పుడు, సేవకుడైన సీబా ఎదురు వెళ్ళి తన యజమాని ద్రోహము తలపెట్టాడని చెప్పాడు. దావీదు మెఫీబోషెతును ఒక్క మాట అడగకుండా ఆస్తినంతా సీబాకు ఇచ్చివేశాడు (16:1-4). రాజు తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు పాదములు శుభ్రపరచుకొనక, గడ్డము దిద్దుకొనక, బట్టలు ఉదుకుకొనక ఎదురు వచ్చాడు (19:24). వ్యాఖ్యాతలు దీనిని దుఃఖసూచనగా గ్రహిస్తారు, అది సరియైనదే. అయినా గాడిదమీద గంత కట్టించుకొని రావాలనుకొన్న తనను సేవకుడు మోసగించాడని అతడు చెప్పిన మాటను ఆ మాసిన పాదములతో కలిపి చదవాలి. కదలడానికి ఇతరులమీద ఆధారపడినవాని గురించి ఆ ఇతరులు చెప్పినదే సత్యముగా చెల్లినది. మెఫీబోషెతుది శరీర వైకల్యమే; అతడు తన వాదమును చక్కగా వినిపించగలిగాడు. అయినా అతనికి దొరికినది సగము పొలమే. మాటలే రానివారి సంగతి ఏమిటి?

నేడు ఆసుపత్రిలో జరుగుతున్నది ఇదే. వైద్యుడు బిడ్డ వైపు చూడకుండా తల్లినే అడుగుతాడు. తల్లి మోసము చేయదు, నిజమే. కాని ఇరవై ఏండ్లుగా మోసి మోసి నడుము విరిగిన తల్లి కూడా అలసిపోతుంది, కొన్ని గుర్తులు ఆమెకు కూడా అలవాటైపోతాయి.

చట్టము కొంత దారి వేసినది. 2016 వికలాంగుల హక్కుల చట్టములోని 25వ విభాగము వైద్యములో వీరికి ప్రాధాన్యమివ్వాలని చెబుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినప్పటి నుండి 18 ఏండ్ల వరకు పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్స కేంద్రమునకు పంపుతారు. 1999 నాటి చట్టము ప్రకారము ఏర్పడిన నేషనల్ ట్రస్టు నిరామయ అనే ఆరోగ్య బీమా నడుపుతున్నది. లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, చేరడానికి ముందు వైద్య పరీక్ష అక్కరలేదు. 1984లో సికింద్రాబాదులో స్థాపించబడిన జాతీయ సంస్థ మన ముంగిట్లోనే ఉన్నది. ఈ సంగతులు తెలియని కుటుంబములు మన సంఘములలోనే ఉన్నవి. ప్రకటనల సమయములో వీటికి రెండు నిమిషములు కేటాయించలేమా?

ఇంగ్లండులో 14 ఏండ్లు నిండిన మేధో వైకల్యము గలవారికి ఏటేటా ఆరోగ్య పరీక్ష చేస్తారు. మిషను ఆసుపత్రులున్న మన సంఘములు ఏడాదికొక శనివారమైనా ఇటువంటి పరీక్ష జరిపించవచ్చును: పళ్ళు, చెవులు, కళ్ళు, బరువు, థైరాయిడ్ రక్తపరీక్ష, వాడుతున్న మందుల సమీక్ష. ఆ రోజు తల్లికి కూడా రక్తపోటు చూడాలి. వైద్యుడు మొదట ఆ వ్యక్తినే పేరుపెట్టి పలకరించాలి, జవాబు రాకపోయినా సరే.

ఆసుపత్రి లేని చిన్న సంఘము కూడా చేయగల పని ఒకటున్నది. ఒక నోటు పుస్తకము తీసుకొని ఆ ఇంటికి వెళ్ళి, ఆకలైతే ఏ సైగ చేస్తాడు, నొప్పి కలిగితే ముఖమెలా పెడతాడు, ఏ మాత్ర ఎన్ని గంటలకు, ఏ శబ్దానికి భయపడతాడు అని వ్రాసుకోవాలి. పద్దెనిమిదేండ్లు దాటినవారికి సంరక్షకుని నియమించమని కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టించేటప్పుడు ఆ పుస్తకము వెంట ఉండాలి. ‘నా తరువాత వీనికెవరు?’ అని తల్లి అడిగినప్పుడు ప్రార్థిద్దామని మాత్రమే చెప్పి రావడం మేమూ చేసినదే. ఆ పుస్తకములోని సంగతులు ఆమెకు తప్ప ఎవరికీ తెలియవు. ఆమె చెప్పగలిగి ఉండగానే వ్రాసుకోవాలి.