శిక్షణ శిబిరంలో మెరిసినవారంతా జట్టులో ఉంటారా? 90 మందిలో 53 మంది ఎంపిక ఎలా జరుగుతుంది?

ఏటా జులై నెలాఖరులో అమెరికాలోని నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్ఎఫ్ఎల్)కు చెందిన 32 జట్లు శిక్షణ శిబిరాలను ప్రారంభిస్తాయి. ఒక్కొక్క జట్టు గరిష్ఠంగా 90 మంది ఆటగాళ్లతో శిబిరంలో అడుగుపెడుతుంది. ఆగస్టు నెలాఖరుకు ఆ సంఖ్య 53కు తగ్గాలి. అంటే జట్టుకు 37 మంది చొప్పున, లీగ్ మొత్తం మీద దాదాపు 1,200 మంది ప్రధాన జాబితాలో చోటు కోల్పోతారు. ఈ కొద్ది వారాల్లో ఎవరు రాణించారు, ఎవరు తడబడ్డారు అంటూ మైదానం అంచున నిలబడిన విలేకరులు రాసే పరిశీలనలను అభిమానులు ఆసక్తిగా చదువుతారు. అయితే వాటిని ఎంతవరకు విశ్వసించవచ్చు? శిబిరం నడిచే తీరు తెలిస్తే తప్ప ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన దేశంలో కాలితో ఆడే ఆట కాదు. జట్టుకు 11 మంది చొప్పున మైదానంలో ఉంటారు. కోలగా ఉండే బంతిని చేతబట్టుకొని పరుగెత్తడం ద్వారా గానీ, విసరడం ద్వారా గానీ ముందుకు తీసుకువెళ్లాలి. దాడి చేసే విభాగం, రక్షణ విభాగం వేర్వేరుగా ఉంటాయి. బంతిని విసిరే క్వార్టర్‌బ్యాక్ దాడికి సారథి. అతడి నుంచి బంతి అందుకునేవాడు రిసీవర్. ఆ రిసీవర్‌ను వెన్నంటి అడ్డుకునేవాడు కార్నర్‌బ్యాక్.

ఏ కసరత్తు ఎవరికి అనుకూలం?

పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు 1966 నుంచి, కొవిడ్ కాలంలో మినహా, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లట్రోబ్ పట్టణంలో సెయింట్ విన్సెంట్ కళాశాల ప్రాంగణంలోనే శిబిరం నిర్వహిస్తోంది. మైక్ టామ్లిన్ ప్రధాన శిక్షకుడిగా ఉన్న కాలంలో అక్కడ ‘సెవెన్ షాట్స్’ అనే కసరత్తు ప్రసిద్ధి పొందింది. గోల్ గీతకు రెండు గజాల దూరం నుంచి దాడి విభాగానికి ఏడు ప్రయత్నాలు ఇస్తారు. ఎన్నింటిలో గీత దాటితే అన్ని పాయింట్లు దాడికి, మిగిలినవి రక్షణకు. ఫలితం వెంటనే తేలుతుంది కనుక విలేకరుల పరిశీలనలలో దీనికి తప్పక చోటు దక్కుతుంది. కానీ రెండు గజాల ఇరుకులో నెగ్గిన క్వార్టర్‌బ్యాక్ యాభై గజాల దూరానికి బంతిని గురి తప్పకుండా వేయగలడా అన్నది ఈ కసరత్తు చెప్పదు.

ఇతర కసరత్తులకూ ఇటువంటి పరిమితులు ఉన్నాయి. రిసీవర్, కార్నర్‌బ్యాక్ ముఖాముఖి తలపడే కసరత్తులో క్వార్టర్‌బ్యాక్‌పైకి ఎవరూ దూసుకురారు. బంతి విసరడానికి అతడికి కావలసినంత సమయం ఉంటుంది, రిసీవర్‌కు మైదానమంతా ఖాళీగా దొరుకుతుంది. అందువల్ల ఇక్కడ రిసీవర్లదే సహజంగా పైచేయి అవుతుంది. ముందు వరుసలోని భారీకాయుల ముఖాముఖిలో పరిస్థితి తారుమారవుతుంది. నిజమైన ఆటలో క్వార్టర్‌బ్యాక్‌ను కాచే లైన్‌మన్‌కు పక్కనున్న సహచరుడి సాయం అందుతుంది. పైగా ప్రత్యర్థి, బంతితో పరుగెత్తే ఆటగాడిని సైతం ఓ కంట కనిపెట్టాలి. కసరత్తులో ఈ రెండూ ఉండవు కాబట్టి దూసుకువచ్చేవాడికే మొగ్గు. కనుక ఈ పోటీలో ఓడిన లైన్‌మన్ గురించి తొందరపడి తీర్పు చెప్పలేం. పోటీ స్వరూపమే మొగ్గు చూపుతున్న రిసీవర్ కాదు, దానికి ఎదురీది పదే పదే నెగ్గే కార్నర్‌బ్యాక్ కనిపిస్తే మాత్రం అది గమనించదగిన విషయం.

అంకెలు ఎందుకు తప్పుదారి పట్టిస్తాయి?

క్వార్టర్‌బ్యాక్ 20 సార్లు బంతి విసిరితే 12 సార్లు సహచరులకు చేరింది వంటి అంకెలు శిబిరం వార్తల్లో తరచుగా కనిపిస్తాయి. క్రికెట్ నెట్స్‌లో ఒక బ్యాటర్ ఎన్నిసార్లు బౌల్డ్ అయ్యాడో లెక్కపెట్టి అతడి ఫామ్‌ను నిర్ణయించడం ఎంత సమంజసమో ఇదీ అంతే. మ్యాచ్‌లో విసరడానికి సాహసించని బంతులను శిబిరంలో ప్రయత్నించి చూడమని శిక్షకులే చెప్పవచ్చు. ఏ ఎత్తుగడ ఎప్పుడు ఆడాలో చాలావరకు ముందే రాసుకుని ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్‌ను తాకకూడదన్న నియమం ఉంది. అందుకే అతడు వేరే రంగు జెర్సీ ధరిస్తాడు. ప్రత్యర్థి అతడిని నిజంగా పడగొట్టగలిగేవాడా, లేక చివరి క్షణంలో బంతి చేజారిపోయేదా అన్నది ఊహకే వదిలేయాలి.

అంకెల కంటే విలువైన సమాచారం మరొకటి ఉంది. అది ఎవరు ఎవరితో కలిసి ఆడుతున్నారన్నది. ప్రతి జట్టులోనూ మొదటి, రెండవ, మూడవ శ్రేణి బృందాలు ఉంటాయి. మూడవ బృందంపై రోజూ చెలరేగే ఆటగాడి కంటే, వారం తిరిగేసరికి మూడవ బృందం నుంచి రెండవ బృందానికి పిలుపు అందుకున్న ఆటగాడే జాబితాకు దగ్గరగా ఉన్నట్టు. శిక్షకుల అభిప్రాయం వారి మాటల్లో కన్నా ఈ మార్పుల్లోనే స్పష్టమవుతుంది.

కవచాలు, ఎండ, నిబంధనలు

శిబిరం మొదటి రోజుల్లో ఆటగాళ్లు హెల్మెట్ ధరించినా భుజకవచాలు ధరించరు. ఆ దశలో వేగం ఉన్నవారు మెరుస్తారు, బలం ప్రధానంగా ఉన్నవారు మరుగున పడతారు. కవచాలు ధరించిన తొలి రోజున ఈ చిత్రం మారిపోవడం పరిపాటి. గతంలో రోజుకు రెండుసార్లు కవచాలతో సాధన చేయించేవారు. 2011లో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందం ఆ పద్ధతికి స్వస్తి పలికింది. 2020 నాటి ఒప్పందం శిబిరంలో కవచాలతో సాధనను 16 రోజులకు పరిమితం చేసింది.

ఈ జాగ్రత్తల వెనుక విషాదమూ ఉంది. 2001 ఆగస్టు 1న మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ మాన్‌కేటోలో జరిగిన శిబిరంలో వడదెబ్బకు గురై మరణించారు. ఆయన వయసు 27 ఏళ్లు. అనంతరం ఎండ తీవ్రత, విరామాలు, వైద్య పర్యవేక్షణ విషయంలో జట్లు జాగ్రత్త వహించడం పెరిగింది. ఆయన పేరిట కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో 2010లో ఒక పరిశోధన సంస్థ ఏర్పాటైంది.

చివరి స్థానాలు ఎవరికి?

53 మందిలో అత్యధికుల స్థానాలు శిబిరం ఆరంభానికి ముందే దాదాపు ఖరారై ఉంటాయి. అసలు పోటీ చివరి కొద్ది స్థానాలకే. అక్కడ గెలిచేది ఎక్కువగా బంతిని తన్నే సందర్భాలలో పనికివచ్చేవారు. ప్రత్యర్థికి బంతిని తన్ని పంపినప్పుడు వేగంగా పరుగెత్తి అడ్డుకోగల అయిదవ రిసీవర్, ఆ పని చేయలేని మరింత ప్రతిభావంతుడిని వెనక్కి నెట్టగలడు. అందుకే ఆగస్టులో జరిగే మూడు సన్నాహక మ్యాచ్‌ల ద్వితీయార్ధాన్ని శిక్షకులు శ్రద్ధగా చూస్తారు.

తొలగింపుతో అన్ని దారులూ మూసుకుపోవు. నాలుగు సీజన్ల అనుభవం లేని ఆటగాడిని మిగిలిన 31 జట్లలో ఏదైనా దాదాపు ఒక రోజు గడువులో తీసుకోవచ్చు. అంతకు మించి అనుభవం ఉన్నవారు నేరుగా నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకోవచ్చు. ఎవరూ తీసుకోని వారిలో కొందరికి ప్రతి జట్టు నిర్వహించే 16 మంది సాధన బృందంలో చోటు దొరుకుతుంది. మిగిలినవారు ఇంటిదారి పడతారు.

శిబిరం పొరబడిన ఇద్దరు

1994లో గ్రీన్ బే ప్యాకర్స్ శిబిరానికి వచ్చిన కర్ట్ వార్నర్ అక్కడ నాలుగవ క్వార్టర్‌బ్యాక్. సాధనలో అతడికి దక్కిన అవకాశాలే స్వల్పం. జట్టు తొలగించడంతో అయోవా రాష్ట్రంలోని ఒక కిరాణా దుకాణంలో రాత్రిపూట అరలు సర్దే పనిలో చేరాడు. అరీనా ఫుట్‌బాల్, ఐరోపా లీగ్ మీదుగా సెయింట్ లూయిస్ రామ్స్‌కు చేరుకున్నాడు. 1999 ఆగస్టులో సన్నాహక మ్యాచ్‌లో ప్రధాన క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలికి గాయం కావడంతో బాధ్యత వార్నర్‌పై పడింది. ఆ సీజన్‌లోనే జట్టును సూపర్ బౌల్ విజేతగా నిలిపాడు.

జేమ్స్ హారిసన్‌ను 2002 డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోలేదు. స్టీలర్స్ ఒకటికి రెండుసార్లు తొలగించింది. బాల్టిమోర్ రేవెన్స్ కూడా వదులుకుంది. 2004లో స్టీలర్స్ ఆటగాడు క్లార్క్ హగన్స్ చేతికి గాయమైతే అతడి స్థానం భర్తీకి మళ్లీ పిలుపు వచ్చింది. 2008లో లీగ్ ఉత్తమ రక్షణ ఆటగాడి పురస్కారం హారిసన్‌నే వరించింది.

2009 ఫిబ్రవరి 1న టాంపాలో జరిగిన సూపర్ బౌల్‌లో వీరిద్దరూ ఎదురుపడ్డారు. అప్పటికి అరిజోనా కార్డినల్స్‌కు ఆడుతున్న వార్నర్ ప్రథమార్ధం చివరి క్షణాల్లో గోల్ గీత సమీపం నుంచి విసిరిన బంతిని హారిసన్ మధ్యలోనే అందుకుని 100 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ సాధించాడు. స్టీలర్స్ 27-23తో గెలిచింది. ఆ బంతిని విసిరినవాడూ, దొరకబుచ్చుకున్నవాడూ ఒకప్పుడు జట్లు అవసరం లేదనుకుని వదులుకున్నవారే.