ఫ్రెంచ్ డిన్నర్‌కు పుదుచ్చేరి వెళ్తున్నారా? టేబుల్ బుక్ చేసే ముందు సూప్ సంగతి అడగండి!

గుణదల: అమ్మానాన్నల పెళ్లిరోజుకు 'ఫ్రెంచ్ బ్రాసరీలో డిన్నర్' అంటూ రీల్స్ చూసి ప్లాన్ వేస్తున్నారా? పాత ఫ్రెంచ్ భవనంలో భోజనం అంటే పుదుచ్చేరి వైట్ టౌన్‌కే పేరు. విజయవాడ నుంచి చెన్నైకి రైల్లో వెళ్తే, అక్కడి నుంచి ఈసీఆర్ మీద సుమారు 150 కిలోమీటర్లు.

బ్రాసరీ అంటే ఫ్రెంచ్‌లో అసలు అర్థం బీరు తయారుచేసే చోటు. పారిస్‌లో 1864లో మొదలైన బోఫాంజే లాంటివి అలా పుట్టినవే. కాబట్టి అక్కడ సందడి మామూలే. నిశ్శబ్దంగా ఉండాలంటే వేరే చోటు చూసుకోవాలి.

పసుపు గోడ కనిపించగానే వందేళ్ల భవనం అనుకోవద్దు. పాత స్టైల్లో కొత్తగా కట్టినవీ ఉన్నాయి. సఫ్రెన్ వీధిలోని విల్లా శాంతి మాత్రం పాత ఇంటిని బాగుచేసి పెట్టిన హోటల్. మన మండువా లోగిలిలా మధ్యలో ఖాళీ జాగా, అక్కడే టేబుళ్లు.

ఇక అసలు విషయం. మెనూలో ఉల్లిపాయ సూప్ అని ఉంటే వెజ్ అనుకుంటారు. సంప్రదాయంగా దాన్ని బీఫ్ ఎముకలు మరిగించిన రసంతో చేస్తారు. స్టీక్ ఫ్రిట్ అన్నా బీఫే, పక్కన బంగాళాదుంప వేపుడు. అమ్మమ్మ సగం సూప్ తాగాక ఈ సంగతి తెలిస్తే ఆ సాయంత్రం ఇక అంతే! అందుకే దేనితో చేస్తారో ఫోన్‌లోనే అడగండి. కొన్ని సాస్‌లలో వైన్ కూడా వేస్తారు.

బిల్లులో సర్వీస్ ఛార్జ్ కనిపిస్తే తీసేయమని అడగొచ్చు. అది ఇష్టముంటేనే ఇచ్చేదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది.